సైడ్ వీల్స్ స్కూటర్‌కి గాలి ఎంత: పాండురంగాపురం డౌన్‌లో జారిన బండి కేసు

బండి 110 సీసీ స్కూటర్. వెనక రెండు పక్కలా సైడ్ వీల్స్ కిట్ బిగించి ఉంది. నడిపేది రెండు కాళ్లకీ పోలియో ఉన్న ఒక జిరాక్స్ షాపు యజమాని. ఇల్లు విశాఖ వన్ టౌన్‌లో కోటవీధి వైపు, షాపు ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర. రోజూ కోస్టల్ బ్యాటరీ మీదుగా బీచ్ రోడ్డు పట్టుకుని, ఆర్కే బీచ్ దాటి, పాండురంగాపురం డౌన్ అనే వాలు రోడ్డు దగ్గర పైకెక్కుతారు. వాన పడితే ఆ ఎత్తు దగ్గరే సమస్య. ఇంజిన్ అరుస్తుంది, వెనక చక్రం తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. భార్య వెనక కూర్చుంటే ఇంకా ఎక్కువ జారుతుంది. ఇది ఆయనకి అసలు అర్థం కాలేదు. బరువు పెరిగితే గ్రిప్ పెరగాలి కదా అని ఆయన ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. దీనికి తోడు బండి ఎడమకి లాగుతోంది. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది.

టైర్లు పాతబడ్డాయేమో, మార్చేద్దామని నా దగ్గరికి వచ్చారు. చూస్తే టైర్లు బాగానే ఉన్నాయి. అరిగింది మధ్యలో ఒక పట్టీ మాత్రమే, రెండు అంచులూ కొత్తవాటిలాగే ఉన్నాయి. అది చూశాక టైర్లు అమ్మే ఆలోచన పక్కనపెట్టి గాలి కొలిచే గేజ్ తీశాను.

ఇలాంటి బండిని జనం మూడు చక్రాల బండి అంటారు గానీ లెక్కపెడితే నాలుగుంటాయి. ముందొకటి, ఇంజిన్ తిప్పే మధ్య చక్రం ఒకటి, దానికి అటూ ఇటూ సైడ్ వీల్స్ రెండు. ఇంజిన్ బలం మధ్య చక్రానికే వెళ్తుంది. వెనక బ్రేకు కూడా మధ్య చక్రానికే. పక్క చక్రాల పని బండిని పడిపోకుండా నిలబెట్టడం వరకే. ఈ కేసులో తెలుసుకోవలసిందంతా ఈ పని విభజనలోనే ఉంది. మధ్య చక్రం మీద బరువు లేకపోతే బండి కదలదు, ఆగదు. ఆ బరువును పక్క చక్రాలు ఎంత లాక్కుంటున్నాయన్నది కిట్ ఎత్తు మీదా, టైర్లలో గాలి మీదా ఆధారపడి ఉంటుంది.

ఉదయం చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే గాలి ఇలా ఉంది. ముందు 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, మనం పాయింట్లు అనేది దీన్నే), మధ్య 41, కుడి పక్క 37, ఎడమ పక్క 21. వారం కిందట బంకులో అన్నిటికీ 40 కొట్టించానన్నారు. ఎందుకు 40 అంటే, ఇంటి దగ్గర స్టాండులో ఆటో అతను చెప్పాడట: "వెనక 40 కొట్టించు గురూ, రాయిలాగుంటాది, పంచర్లు పడవు." తన బండి వరకూ ఆ ఆటో అతను అన్నది తప్పు కాదు. వెనక సీటులో నలుగురిని కూర్చోబెట్టి, వాళ్ల సామాను కూడా పెట్టుకునే బండి అది. అక్కడ ఒక్కో వెనక చక్రం మీద పడే బరువు, ఈయన బండి వెనక మూడు చక్రాల మీదా కలిపి పడేంత ఉంటుంది. అంకెను అరువు తెచ్చుకున్నారు, దాని వెనకున్న బరువును వదిలేశారు.

ఇంకో అంకె కూడా జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. టైరు పక్కగోడ మీద గరిష్ఠ బరువు, గరిష్ఠ గాలి రాసి ఉంటాయి. ఈ స్కూటర్లకి వెనక వచ్చే 90/100-10 సైజు టైరు మీద 53జె అని ఉంటే, 53 అంటే 206 కిలోలు మోయగలదని, జె అంటే గంటకి 100 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని. అది టైరు హద్దు, మన బండికి కావలసిన గాలి కాదు. మన బండికి ఎంత కావాలో బండి తయారుచేసినవాడు చెప్పాలి. యాక్టివానే తీసుకుంటే కంపెనీ చెప్పేది ముందు 22, వెనక ఒక్కరుంటే 29, ఇద్దరుంటే 36. కాకపోతే ఆ లెక్క రెండు చక్రాల బండికి. కిట్ బిగించిన రోజే దాని అర్థం మారిపోయింది. వెనక ఒక చక్రం మోసే బరువును ఇప్పుడు మూడు చక్రాలు పంచుకుంటున్నాయి, అది కూడా సమానంగా కాదు.

అందుకని ముందు తూకం వేయాలి. నేను సైడ్ వీల్స్ బండి ఏది వచ్చినా గాలి ముట్టుకునే ముందు తూకం వేస్తాను. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మా వీధి చివర పాత ఇనుము కొట్టులో పళ్లెం కాటా ఉంది. ఒక చక్రం కాటా మీద, మిగతా మూడు చక్రాల కింద సరిగ్గా కాటా ఎత్తుకి చెక్కలు. ఈ చెక్కల విషయంలో బద్ధకిస్తే తూకం మొత్తం అబద్ధమైపోతుంది. కాటా మీదున్న చక్రం అర అంగుళం ఎత్తులో ఉన్నా పక్క చక్రాల బరువు దాని మీదకి వచ్చి పడుతుంది. ఇంకో షరతు, మనిషి ఎప్పుడూ కూర్చునేలాగే కూర్చోవాలి. చేతికర్రలు వాటి స్టాండులోనే ఉండాలి. ఖాళీ బండి తూకం దేనికీ పనికిరాదు.

ఆయన ఒక్కరే కూర్చున్నప్పుడు ముందు చక్రం మీద 71 కిలోలు వచ్చింది. మధ్య చక్రం మీద 46. ఎడమ 55, కుడి 52. మొత్తం 224.

ఇక్కడ రెండు విషయాలు చూడాలి. మొదటిది, ఎడమ టైరులో గాలి 21, కుడి టైరులో 37. అయినా బరువులో తేడా మూడు కిలోలే. చాలామంది గాలి తగ్గిన చక్రం మీద బరువు ఎక్కువ పడుతుందనో, తక్కువ పడుతుందనో అనుకుంటారు. ముందు చక్రం, మధ్య చక్రం రెండూ నడిమి గీత మీదే ఉన్నాయి కాబట్టి కుడి ఎడమల మధ్య బరువును తేల్చేది మనిషి, సామాను ఎటు ఒరిగి ఉన్నాయన్నదే. గాలి తేడా బరువును మార్చదు, బండిని వంచుతుంది. మెత్తబడ్డ ఎడమ టైరు అణిగి బండి అటు ఒరిగింది. మెత్తటి టైరు దొర్లడానికి ఎక్కువ బలం తింటుంది కాబట్టి అటే లాగుతుంది కూడా. పైగా మన రోడ్లు నీరు పోవడానికి అంచు వైపు వాలుగా ఉంటాయి. రెండు చక్రాల బండి అయితే తనే నిటారుగా సర్దుకుంటుంది, ఈ బండి రోడ్డు ఎలా వాలితే అలా వాలుతుంది. అలా ఎడమ లాగుడు తేలిపోయింది.

రెండోది అసలు జబ్బు. మధ్య చక్రం మీద 46 కిలోలే ఉన్నాయి. తడి రోడ్డు మీద టైరు తన మీదున్న బరువులో సగం పాటి బలంతో తోయగలదని అనుకుందాం. అంటే 23 కిలోలు. పదడుగులు ముందుకెళ్తే ఒక అడుగు లేచే ఎత్తులో 224 కిలోల బండిని పైకి లాగడానికే 22 కిలోల పైన బలం కావాలి. ఇసుకో, బురదో, రోడ్డు మీద తెల్లరంగు గీతో తగిలితే చాలు, చక్రం తిరిగిపోతుంది.

మరి భార్య కూర్చుంటే? ఆవిణ్ని కూడా కూర్చోబెట్టి తూకం వేశాం. ఆవిడ బరువు 58 కిలోలు. అందులో మధ్య చక్రానికి చేరింది ఏడు కిలోలు మాత్రమే. నాలుగు ముందుకి, మిగతా 47 రెండు పక్క చక్రాలకి. ఈ కిట్‌కి స్ప్రింగులు లేవు, బ్రాకెట్లు నేరుగా చాసిస్‌కి బోల్టు చేసి ఉన్నాయి. మధ్య చక్రం షాకబ్జర్ మీద ఉంది. వెనక కొత్తగా బరువు పడితే గట్టిగా నిలబడేవి పక్క చక్రాలే, మెత్తగా దిగేది మధ్య చక్రం. గట్టిగా నిలబడినదే బరువు మోస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి. బండి మొత్తం 282 కిలోలైంది, అదే ఎత్తు ఎక్కడానికి 28 కిలోల బలం కావాలి. మధ్య చక్రం మీద 53 కిలోలే, దాని తోపు 27కి చేరదు. మనిషి ఎక్కాక ఎక్కువ జారడానికి కారణం ఇదే.

కంపెనీ పుస్తకంలో ఇద్దరుంటే వెనక 36 అన్న మాట ఈ బండిలో ఎందుకు తిరగబడుతుందో కూడా ఈ తూకమే చెబుతుంది. వెనక కూర్చున్న మనిషి బరువు వెళ్లేది పక్క చక్రాలకి. గాలి పెంచాల్సి వస్తే వాటికే పెంచాలి. జనం చేసేది దీనికి సరిగ్గా ఎదురు, ఇంట్లోవాళ్లు ఎక్కుతున్నారని మధ్య చక్రానికి ఇంకో నాలుగు పాయింట్లు కొట్టిస్తారు.

ముందు ఎత్తు, తర్వాత గాలి

గాలి తగ్గించి ఈ 46ని సరిచేయవచ్చా? కొంతవరకే. పక్క టైర్లలో గాలి 37 నుంచి 22కి దించితే టైరు రెండు మిల్లీమీటర్లు అణుగుతుందేమో. ఆ మేరకు చాసిస్ కిందికి దిగి, మధ్య షాకబ్జర్ నొక్కుకుని, నాలుగు కిలోలు మధ్య చక్రానికి మారతాయి. మనకి కావలసింది పాతిక కిలోలు. అంత తేడాను గాలితో రాబట్టాలని చూస్తే పక్క టైర్లు ఫ్లాట్ అయిపోతాయి. కిట్ ఎత్తు తప్పు అయినప్పుడు గాలితో ఆడుకోవడం వృథా. ఈ బండికి కిట్ వేరే ఊళ్లో బిగించారు. సైడ్ వీల్స్‌ని కాస్త కిందికి బిగిస్తే బండి ఊగకుండా గట్టిగా నిలబడినట్టు అనిపిస్తుంది, కొనేవాళ్లకి నచ్చుతుంది. బిగించినవాళ్లు అదే చేసి ఉంటారు.

బ్రాకెట్ బోల్టులు వదులు చేసి రెండు పక్క చక్రాలనీ సెంటీమీటరు పాటి పైకి జరిపాను. బ్రాకెట్‌లో బోల్టు గాడి పొడుగ్గా ఉండటం అదృష్టం, లేకపోతే కొత్త రంధ్రాలు వేయాల్సి వచ్చేది. ఆ పని నేను తేలిగ్గా ఒప్పుకోను. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఇలాంటి బండి అడాప్టెడ్ వెహికల్ (వికలాంగుల కోసం మార్చిన బండి) కిందికి వస్తుంది, మార్పులు ఆర్‌సీలో ఎక్కి ఉంటాయి. ఉన్న గాడిలో ఎత్తు సరిచేయడం వేరు, చాసిస్‌కి కొత్తగా చిల్లులు పొడవడం వేరు. బోల్టులు బిగించే ముందు రెండు వైపులా చాసిస్ ఎత్తు సమానంగా ఉందో లేదో నేల నుంచి టేపుతో కొలిచాను. దానికి ముందు రెండు పక్క టైర్లలో గాలి సమానం చేయాలి, లేకపోతే టేపు కొలత కూడా తప్పే చెబుతుంది.

మళ్లీ కాటా ఎక్కిస్తే మధ్య చక్రం 66కి వచ్చింది.

ఇంకా పైకి జరిపి 90 చేయొచ్చు కదా అంటే, చేయకూడదు. మధ్య చక్రానికి ఇచ్చే ప్రతి కిలో పక్క చక్రాల నుంచి తీసుకున్నదే. మలుపు తిరిగినప్పుడు బరువు బయటి పక్క చక్రం మీదకి పోతుంది, లోపలి చక్రం తేలికవుతుంది. దాని మీద ముందే బరువు తక్కువుంటే నేల వదిలేస్తుంది. అలా లేస్తే బండి వెంటనే బోల్తా పడదు గానీ, కాలు ఆనించలేని మనిషికి ఆ క్షణం చాలా ప్రమాదం. అందుకే ఖాళీ మైదానంలో ఆయన్నే మెల్లగా ఎనిమిది ఆకారంలో తిప్పమని, నేను పక్కన నిలబడి లోపలి చక్రం చూస్తూ ఉన్నాను. వేగం కొద్దిగా పెంచినప్పుడు కూడా చక్రం నేలని ఆనుకునే ఉంది. అక్కడితో ఆపేశాను. సైడ్ వీల్స్ బండిలో ఎత్తు విషయంలో నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. మధ్య చక్రానికి కావలసినంత ఇవ్వాలి, మలుపులో లోపలి చక్రం లేచేంత ఇవ్వకూడదు.

ఇప్పుడు గాలి సంగతి. మొదట పక్క చక్రాలు. ఒక్కరున్నప్పుడు ఒక్కోదాని మీద 43 కిలోలు, ఇద్దరుంటే 66 దాకా. రెండు చక్రాల స్కూటర్‌లో వెనక చక్రం ఒక్కరుంటే సుమారు 115 కిలోలు మోస్తుంది, దానికి కంపెనీ 29 చెబుతోంది. ఆ లెక్కన ఇక్కడ 66 కిలోలకి 17 చాలు. కానీ టైరు మోయాల్సింది నిలువు బరువు ఒక్కటే కాదు. ఈ బండి మలుపులో వాలదు కాబట్టి టైరు మీద పక్కకి తోసే బలం పడుతుంది. చిన్న పది అంగుళాల టైరుకి పక్కగోడ గట్టిదనం గాలి నుంచే వస్తుంది. 16 పెట్టి చూస్తే బీచ్ రోడ్డు మలుపుల్లో వెనక భాగం చేప తోకలా అటూ ఇటూ ఆడింది, ఆయనే వద్దన్నారు. 20 దగ్గర ఆ ఆట పోయింది. రోజూ ఉదయం ఇద్దరూ కలిసే షాపుకి వెళ్తారు కాబట్టి 22 ఖాయం చేశాను.

పక్క టైర్లలో గాలి దిగేసరికి ముందే అనుకున్నట్టు మధ్య చక్రం 70 అయింది. చివరి తూకం ముందు 71, మధ్య 70, ఎడమ 42, కుడి 41. ఇద్దరూ కూర్చుంటే 75, 77, 66, 64. పాత లెక్క ప్రకారమే చూస్తే 282 కిలోల బండికి 28 కిలోల తోపు కావాలి, మధ్య చక్రం ఇప్పుడు 38 ఇవ్వగలదు. అదే తడి రోడ్డు, అదే టైరు.

నేను వాల్వు పిన్ను నొక్కి గాలి వదులుతుంటే ఆయనకి టెన్షన్. "ఏటండీ, అలా తీసేస్తన్నారేటి? గాలి తక్కువైతే రిమ్ము పోద్దంటారు కదా" అన్నారు. "మాస్టారూ, మీ టైరు రెండొందల కిలోలు మోసేది, మీరు దాని మీద పెట్టేది అరవై" అన్నాను. కాటా మీద అంకెలు కళ్లారా చూశారు కాబట్టి ఒప్పుకున్నారు. చూడని వాళ్లని ఒప్పించడం కష్టం. గాలి ఎక్కువుంటే బండి తేలిగ్గా పోతుందన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిది, మైలేజీ పేరు చెప్పి ఇంకా గట్టిపడింది.

మధ్య చక్రానికి 26. బరువు లెక్కన చూస్తే 70 కిలోలకి ఇది కూడా ఎక్కువే. కానీ ఇంజిన్ బలం, బ్రేకు బలం రెండూ ఈ టైరు మీదే పడతాయి. గుంటలో పడ్డప్పుడు రిమ్ము తగలకూడదు. ఇంకా తగ్గిస్తే మధ్య టైరే అణిగి తన మీదున్న బరువును మళ్లీ పక్క చక్రాలకి అప్పగించేస్తుంది, ఇంత పనీ అంత మేరకు వెనక్కి పోతుంది. అందుకే నేను ఎప్పుడూ పక్క చక్రాల గాలి ముందు ఖాయం చేసి, ఆ తర్వాతే మధ్య చక్రానికి వస్తాను.

26 సరిపోయిందా లేదా అని చూడటానికి సుద్దముక్క చాలు. టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా సుద్ద గీత గీసి, మనిషిని కూర్చోబెట్టి, పొడి సిమెంటు నేల మీద నాలుగు బారలు దొర్లించాలి. 41 ఉన్నప్పుడు గీత మధ్యలో రెండు వేళ్ల వెడల్పు మాత్రమే చెరిగింది. 26 దగ్గర మూడు వేళ్లు దాటింది, అంచులు కొద్దిగా మిగిలాయి. స్కూటర్ టైరు గుండ్రంగా ఉంటుంది, వాలే బండి కోసం చేసినది. కారు టైరులా అంచు నుంచి అంచు దాకా చెరగాలని చూస్తే గాలి మరీ తగ్గించేస్తాం.

ముందు చక్రం సంగతి చిన్నదే. దాని మీద బరువు రెండు చక్రాల స్కూటర్ మీద ఉండేంతే. అయినా కంపెనీ చెప్పిన 22కి రెండు పాయింట్లు కలిపి 24 పెట్టాను. వాలకుండా హ్యాండిల్‌తోనే తిప్పే బండిలో ముందు టైరు పక్కకి ఎక్కువ నలుగుతుంది. 33 ఉన్నప్పుడు హ్యాండిల్ తేలిగ్గా ఉండేదని, ఇప్పుడు కొంచెం బరువెక్కిందని అన్నారు. నిజమే. కానీ ఆ తేలిక తడి రోడ్డు మీద ముందు చక్రం పట్టు తప్పడానికి ముందు వచ్చే తేలిక. చేతుల్లో బలం తక్కువున్న వాళ్లయితే 26 దాకా పోనిస్తాను, అంతకు మించి కాదు.

ఎడమ టైరు గాలి ఎందుకు దిగింది

ట్యూబ్‌లెస్ టైరు విప్పితే పంచరు లేదు. రిమ్ము అంచు లోపల, టైరు ఆనే చోట తుప్పు పొలుసులు. సముద్రపు గాలి తగిలే దారిలో రోజూ తిరిగే ఇనుప రిమ్ములకి ఇది మామూలే. విశాఖలో బీచ్ రోడ్డు బళ్ల రిమ్ములూ గాజువాక బళ్ల రిమ్ములూ పక్కపక్కన పెడితే నేను చూసి చెప్పగలను. పొలుసుల సందుల్లోంచి వారానికి ఇంత చొప్పున గాలి పోతుంది, నీళ్లలో ముంచితే సన్న బుడగలు. ఎడమ చక్రం రోడ్డు అంచున, నీరు నిలిచే చోట పోతుంది కాబట్టి అదే ముందు తుప్పు పట్టింది. వైరు బ్రష్షుతో గీకి, ఎమెరీ పేపరు పట్టి, ప్రైమర్ పూసి ఆరాక సీలెంట్‌తో టైరు ఎక్కించాను. వాల్వు కూడా మార్చాను, లోపలి పిన్ను పచ్చబడి ఉంది. కుడి రిమ్ము ఇంకా ఆ స్థితికి రాలేదు గానీ పనిలో పనిగా అదీ శుభ్రం చేశాను. పంచరు షాపుల్లో ఇలాంటి లీకుకి లోపల జిగురు ద్రావణం పోసి పంపించేస్తారు. కొన్నాళ్లు ఆగుతుంది, తుప్పు మాత్రం లోపల తన పని తను చేసుకుంటూ పోతుంది.

చల్లగా ఉన్నప్పుడే కొలవాలని చెబితే చాలామంది లెక్కచేయరు. టైరు లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కితే ఇంత తక్కువ ప్రెషర్‌లో కూడా ఒక పాయింటు కంటే కొంచెం ఎక్కువే పెరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం షాపు ముందు ఎండలో నిలబెట్టిన బండి గేజ్‌కి 25, 26 చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు గాలి తీసేస్తే మర్నాడు ఉదయానికి తక్కువైపోతుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. ఉదయం కొలిచి, ఇంటి నుంచి షాపుకి వెళ్లగానే మళ్లీ కొలిస్తే పెరుగుదల పదో వంతు చుట్టూ ఉండాలి. 22 అయితే 24 దాకా. అది 27, 28 అయిందంటే టైరు లోపల బాగా నలుగుతోంది, మొదట పెట్టిన గాలి తక్కువని అర్థం. ఈ బండిలో రెండు పాయింట్లు దాటలేదు. నైట్రోజన్ పెట్టించమంటారా అని అడిగారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఆ డబ్బుతో ఒక మంచి గేజ్ కొనుక్కోమన్నాను.

గేజ్ కొనమనడానికి బలమైన కారణమే ఉంది. బంకుల్లో మీటర్లు అన్నీ ఒకేలా చూపించవు. 40ల్లో కొట్టించే వాళ్లకి మూడు పాయింట్ల తేడా పెద్దది కాదు. 22 పెట్టుకునే బండికి అదే మూడు పాయింట్లు చాలా ఎక్కువ. పైగా ఈయన దిగి వంగి చూసుకోలేరు. బంకులో కుర్రాడు ఏది పెడితే అది. సైడ్ వీల్ వాల్వు మడ్‌గార్డు లోపలికి ఉండటంతో చాలాసార్లు అందట్లేదని పక్క చక్రాలని వదిలేసేవాడట. వంపు తిరిగిన వాల్వు బిగించి మూత బయటికి కనబడేలా తిప్పాను. మడ్‌గార్డుల మీద తెల్ల పెయింటుతో ముందు 24, మధ్య 26, పక్కల 22 అని పెద్దగా రాశాను. కుర్రాడితో వాదించే పని తప్పింది, వేలు చూపిస్తే చాలు.

ఒకే ఒక్క మినహాయింపు చెప్పాను. నెలకోసారి ఏ4 కాగితం బండిల్స్ వేసుకొస్తారు. అయిదు రీములు కలిపి పన్నెండు కిలోల చిల్లర, అలాంటివి మూడు నాలుగు వెనక సీటు మీద కట్టుకుంటారు. భార్య కూడా ఉంటే ఆ ప్రయాణం వద్దన్నాను. ఒక్కరే అయితే కాగితం బరువు మనిషి బరువు కంటే తక్కువే కాబట్టి గాలి మార్చనక్కర్లేదు, బండిల్స్ రెండు వైపులా సమానంగా ఉండాలి. ఇంతకుముందు అన్నీ ఎడమ వైపే కట్టేవారు, చేతికర్రల స్టాండు కూడా అటే.

నడుం నొప్పి గురించి నేను డాక్టరులా మాట్లాడలేను. స్ప్రింగు లేని పక్క చక్రాలకి టైరే స్ప్రింగు. అందులో 37 ఉన్నప్పుడు రోడ్డు మీద ప్రతి అతుకూ నేరుగా సీటుకి వచ్చేది. 22కి దిగాక తేడా మొదటి రోజే తెలిసిందన్నారు. పూర్తిగా పోలేదు, స్ప్రింగుల్లేని కిట్‌తో పోదు కూడా.

సైడ్‌కార్ (పక్కన చక్రమున్న తొట్టి) బిగించిన బుల్లెట్ వాళ్లు కూడా నన్ను ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అక్కడ నిజంగా మూడే చక్రాలు. మన దేశంలో సైడ్‌కార్ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి కుడి ఎడమలు సమానం కావు, మూడు చక్రాలకీ మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. ఖాళీ సైడ్‌కార్ చక్రం అన్నిటికంటే తక్కువ మోస్తుంది, దానికి అన్నిటికంటే తక్కువ గాలి. జనం దానికీ వెనక చక్రంతో సమానంగా కొట్టిస్తారు, అది రోడ్డు మీద గెంతుతూ ఉంటుంది. అంకెలు వేరైనా కాటా, చెక్కలు, సుద్దముక్క అవే.

మొన్న వానల తర్వాత బండి మళ్లీ వచ్చింది. పాండురంగాపురం డౌన్ దగ్గర ఇద్దరూ కూర్చుని ఎక్కుతున్నారు. రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొచ్చిన చోట ఒకసారి చక్రం కొద్దిగా తిరిగిందట, థ్రాటిల్ తగ్గిస్తే పట్టుకుందట. బ్రేకు విషయంలో ఆయన అడగని మేలు ఒకటి జరిగింది. దిగేటప్పుడు వెనక బ్రేకు పడితే చక్రం బిగుసుకుపోయి జారేది, ఇప్పుడు ఆగుతోంది. మధ్య చక్రం మీద బరువు పెరిగితే బ్రేకుకీ పట్టు దొరుకుతుంది. ఎడమ టైరు కొలిస్తే 21, నెల రోజులకి ఒక పాయింటు తగ్గడం మామూలే. ఈసారి స్ప్రింగులున్న కిట్ వేయించుకుందామా అని అడిగారు. నడుముకి మంచిదే. కాకపోతే స్ప్రింగు వస్తే వెనక కూర్చున్న మనిషి బరువు పంచుకునే తీరు మొత్తం మారుతుంది, మధ్య చక్రానికి ఎక్కువ వాటా వస్తుంది. మడ్‌గార్డు మీద రాసిన అంకెలు చెరిపేసి మళ్లీ కాటా దగ్గర్నుంచి మొదలుపెట్టాలని చెప్పాను. సంక్రాంతి తర్వాత చూద్దామన్నారు.